బొట్టు పెట్టిన కారు

వంటలయ్యాయా చెల్లెళ్లూ? అయితే కాసేపు ఇలా కూర్చోండి. ఈసారి చీరల ముచ్చటా కాదు, పచ్చళ్ల ముచ్చటా కాదు. మీ ఇంటి ముందు కవరు కప్పుకొని నెలల తరబడి పడుకున్న బండి ఉంటుంది చూడండి, దాని సంగతి మాట్లాడదాం. "అది మా ఆయన చూసుకుంటాడులే అక్కా" అని లేచిపోకండి. ఆయన చూసుకునేటట్టయితే నాకీ ముచ్చటే దొరికేది కాదు.

కోదాడలో మా పెద్దమ్మ ఉంటుంది. కొడుకు డాలస్‌లో ఉద్యోగం. 2018లో వచ్చినప్పుడు అమ్మానాన్నలు బస్సుల్లో తిరగొద్దని తెల్ల కారు ఒకటి కొనిచ్చిపోయాడు. పెదనాన్న రెండేళ్లు బాగానే నడిపాడు. తర్వాత మోకాళ్లు, ఆ తర్వాత కళ్లు. కారు పోర్టికోలోకి చేరింది. పెద్దమ్మకేమో అది కారు కాదు, కొడుకు. ప్రతి శుక్రవారం కవరు తీసేది, తడిబట్టతో తుడిచేది, బానెట్ మీద పసుపు రాసి బొట్టు పెట్టేది, మళ్లీ కవరు కప్పేది. దసరాకు చక్రాల కింద నిమ్మకాయలు, ముందర గుమ్మడికాయ. వాడకట్టులో ఆ కారంత శుభ్రంగా ఉండే వస్తువు ఇంకోటి లేదు. తాళం పెట్టి తిప్పింది మాత్రం ఎవరూ లేరు.

2024 డిసెంబర్‌లో అన్నయ్య పెళ్లాం పిల్లలతో వచ్చాడు. నేను మిర్యాలగూడ నుంచి చూడడానికి పోయాను. పిల్లలకు నాగార్జునసాగర్ చూపించాలి, లాంచీ ఎక్కించి నాగార్జునకొండ తీసుకుపోవాలి అని ఆయన ముచ్చట. తెల్లారి పులిహోర డబ్బాలు సర్ది, అందరం తయారై గేటు దగ్గర నిలబడ్డాం. అన్నయ్య తాళం చెవి మీద మీట నొక్కాడు. తలుపు తెరుచుకోలేదు. చెవిని తాళంలో పెట్టి తెరిచి, లోపల కూర్చొని సెల్ఫ్ కొట్టాడు. "టిక్" అంది. ఇంకోసారి కొడితే ఆ టిక్ కూడా అనలేదు.

"నెడదాం పట్టండి" అన్నాడు. పక్కింటి పిలగాళ్లు ఇద్దరు, మా ఆయన, పాలు పోయడానికొచ్చిన అతను, నలుగురూ కలిసి నెట్టారు. కారు ఊగింది గానీ కదల్లేదు. హ్యాండ్ బ్రేకు దించే ఉంది, గేరు కూడా న్యూట్రల్‌లోనే ఉంది. "దిష్టి తగిలింది బిడ్డా, నిన్న ఎదురింటామె కారును చూసి పోయింది" అని పెద్దమ్మ ఉప్పూ మిరపకాయలూ తేవడానికి లోపలికి పోయింది. నవ్వకండి. ఆమె స్థానంలో మీరున్నా అదే చేసేవారు.

బైపాస్ దగ్గరి నుంచి మెకానిక్ పిలగాడు వచ్చాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. బానెట్ లేపి ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత రెండు వేళ్లతో ఇంజిన్ పక్కనుంచి ఒక గుడ్డపీలిక బయటికి లాగాడు. అది పెద్దమ్మ పాత జాకెట్ ముక్క. దాని వెనకాల కొబ్బరి పీచు, పల్లీ పొట్టు, కాగితం ముక్కలు వచ్చాయి. ఎలక సంసారం పెట్టింది. పురుడు కూడా పోసుకున్నట్టుంది. ఎలక పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయట. వాటిని అరగదీసుకోవడానికి గట్టిది ఏది దొరికితే అది కొరుకుతుంది. ఇక్కడ దానికి వైర్లు దొరికాయి.

"అమ్మా, ఈ బండికి మీరు చేసిన సేవంతా పైపైనే అయ్యింది. లోపల దీన్ని పట్టించుకున్నోళ్లు లేరు" అన్నాడు పిలగాడు. వాడు మామూలుగానే అన్నాడు. పెద్దమ్మ మొహం మాత్రం చిన్నబోయింది. నాకూ ఎక్కడో తగిలింది, ఎందుకు తగిలిందో తర్వాత చెబుతా.

వాడు పని చేస్తూ ఉంటే నేను పక్కనే స్టూలు వేసుకొని కూర్చొని ఒక్కొక్కటీ అడిగాను. "నీకెందుకే?" అన్నాడు మా ఆయన. అడిగితే డబ్బులేం పోవు కదా.

మొదట బ్యాటరీ. మనం తాళం తీసేస్తే బండి పడుకుందనుకుంటాం. ఇప్పటి కార్లు పూర్తిగా పడుకోవు. లోపల గడియారం తిరుగుతూ ఉంటుంది, దొంగల అలారం మేలుకొని ఉంటుంది, కంప్యూటర్ డబ్బా ఒకటి కొంచెం కొంచెం కరెంటు తాగుతూ ఉంటుంది. ఇంజిన్ తిరిగితేనే ఆ కరెంటు తిరిగి నిండుతుంది. తిరగకపోతే కొన్ని వారాల్లోనే బ్యాటరీ నీరసిస్తుంది, నెలలు దాటితే అడుగంటుతుంది. నిండుగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీకి మీటరు పెడితే 12.6 దాకా చూపించాలి. పెద్దమ్మ కారుది 4 దగ్గర ఆగింది. "చార్జింగ్ పెడితే ఎక్కదా?" అన్నాను. కొద్దిరోజులే అయితే ఎక్కేదట. ఖాళీ బ్యాటరీని అలాగే వదిలేస్తే లోపలి సీసం పలకల మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా గడ్డకడుతుంది, దాన్నే సల్ఫేట్ అంటారు. అది గట్టిపడ్డాక ఎంత కరెంటు పెట్టినా లోపలికి పోదు. రెండు నెలలు బండి తీయం అని ముందే తెలిస్తే పది నంబరు పానాతో నెగటివ్ తీగ ఒక్కటి విప్పి పక్కన పెడితే చాలు. ముందు నెగటివే విప్పాలి, తిరిగి పెట్టేటప్పుడు అది ఆఖరున పెట్టాలి. అయిదు నిమిషాల పని. కుక్కర్ గాస్కెట్ మార్చడం వచ్చిన వాళ్లకు ఇదీ వస్తుంది.

"మరి రోజూ స్టార్ట్ చేసి అయిదు నిమిషాలు ఉంచి ఆపేస్తే?" అని అడిగాను. మా వాడకట్టులో అందరూ చేసేది అదే. వాడు తల అడ్డంగా ఊపాడు. సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ ఒక్కసారిగా బోలెడంత ఖర్చు పెడుతుంది, అయిదు నిమిషాల్లో అది తిరిగి రాదు. పైగా ఇంజిన్ పూర్తిగా వేడెక్కకపోతే లోపల పుట్టిన తేమ సైలెన్సర్‌లో, ఆయిల్‌లో నిలిచిపోతుంది. పాలు కాచినట్టే, గోరువెచ్చగా దించితే విరుగుతాయి. వారానికో పది రోజులకో ఒకసారి రోడ్డెక్కించి పదిహేను ఇరవై నిమిషాలు తిప్పి తేవాలి. అప్పుడు ఇంజిన్ వేడెక్కుతుంది, ఆయిల్ అన్ని మూలలకూ పోతుంది, బ్రేకుల తుప్పు రాలుతుంది, టైర్లు తిరుగుతాయి. ఏసీ కూడా పది నిమిషాలు వేసి ఉంచాలట, లేకపోతే కంప్రెసర్ సీళ్లు ఎండి గ్యాస్ కారిపోతుందట.

ఇంతకూ కారు ఎందుకు కదల్లేదో చెప్పలేదు కదూ. పెదనాన్న చివరిసారి తెచ్చి ఆపినప్పుడు హ్యాండ్ బ్రేకు బిగించి దిగాడు, అది మంచి అలవాటే. అన్నయ్య ఆ పొద్దున దించాడు. కానీ ఇన్నేళ్లు డ్రమ్ముకు అతుక్కొని ఉన్న బ్రేకు లైనింగ్ తుప్పుతో కలిసి అక్కడే బిగుసుకుపోయింది. పైన లివర్ దిగింది గానీ కింద బ్రేకు వదల్లేదు. శుక్రవారం శుక్రవారం పెద్దమ్మ బకెట్ నీళ్లతో చక్రాలు కూడా కడిగేది. తడి లోపలికి పోయేది, కవరు కప్పేది, ఆ తడి బయటికి వచ్చే దారి లేదు. ప్రేమతోనే తుప్పు పట్టించింది పాపం. ఎక్కువ రోజులు నిలబెట్టే బండిని సమతలంగా ఉన్నచోట ఆపి, గేరులో వేసి, చక్రాలకు అటూ ఇటూ ఇటుకలు పెట్టి హ్యాండ్ బ్రేకు వదిలేయమన్నాడు పిలగాడు. ప్లాస్టిక్ కవరు వద్దు, గాలి ఆడే గుడ్డ కవరు కప్పుకోమన్నాడు.

టైర్లు చూస్తే నల్లగా నిగనిగలాడుతున్నాయి. పెద్దమ్మ కొబ్బరి నూనె కూడా రాసిందట. కానీ నేలకు ఆనిన చోట నాలుగూ చదునైపోయాయి. టైరులో గాలి నెలనెలా కొద్దికొద్దిగా తగ్గుతుంది, మొత్తం బరువు ఒకేచోట పడుతుంది, రబ్బరు ఆ ఆకారానికే అలవాటు పడుతుంది. కొత్త టైరైతే కొంత దూరం నడిపాక మళ్లీ గుండ్రమవుతుంది. పాతదైతే కాదు. టైరు పక్కన గుడ్డు ఆకారంలో చిన్న గడి ఉంటుంది, అందులో నాలుగు అంకెలు. వాడు చూపించేదాకా నాకూ తెలియదు. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని అర్థం. "అరగలేదు కదా" అంటాం మనం. అరగకపోయినా రబ్బరుకు వయసు పైబడుతుంది, గోడల్లో సన్నని పగుళ్లు వస్తాయి, హైవే మీద వేడెక్కినప్పుడు పేలుతుంది. కోదాడ నుంచి సూర్యాపేట దాకా 65వ నంబరు హైవే మీద బండ్లు పోయే వేగం మీకు తెలిసిందే. మనసులో ఆ కారు ఆ పొద్దున స్టార్ట్ కాకపోవడమే మంచిదైందనుకున్నాను. పైకి అనలేదు.

పెట్రోల్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది కొత్త తలనొప్పి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఉత్త పెట్రోల్ కాదు, అందులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. చెరుకు నుంచి, నూకల నుంచి, మొక్కజొన్న నుంచి తీసే సారాయి లాంటిది అనుకోండి. దానికి గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి అడుక్కు దిగిపోతాయి, పెట్రోల్ పైన తేలుతుంది. ఇంజిన్‌కు పోయే గొట్టం అడుగు నుంచే కదా తీసుకునేది! మామూలు పెట్రోల్ కూడా నెలల తరబడి నిలబడితే తేలికగా ఆవిరయ్యేదంతా ఎగిరిపోయి, మిగిలింది జిగురు పడుతుంది. పెద్దమ్మ కారు ట్యాంకు మూత తీస్తే పెట్రోల్ వాసన కాదు, గోడలకు వేసే పాత వార్నిష్ వాసన వచ్చింది. అదంతా తీసి పారబోసి, కొత్తది పోసేదాకా వాడు స్టార్ట్ చేయనివ్వలేదు.

మొత్తం లెక్క కడితే బ్యాటరీ, నాలుగు టైర్లు, కొరికిన వైర్లు, బ్రేకు సామాను, ఆయిల్, కూలీ కలిసి 45 వేల చిల్లర. "ఆయిల్ మార్చడమెందుకు, నడపనే లేదు కదా" అని అన్నయ్య. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలూ తేమా చేరి ఉంటాయి, అది నిలబడి ఇంజిన్ లోపలి లోహాన్ని తింటుంది. కిలోమీటర్లు తిరక్కపోయినా ఏడాదికోసారి మార్చాల్సిందేనని పిలగాడి జవాబు. పెద్దమ్మ మాత్రం డబ్బుల గురించి అడగలేదు. "మొత్తానికి నేనే పాడు చేసిన్నా బిడ్డా?" అని మాత్రం అడిగింది. వాడు పాపం నాలిక కరుచుకొని, "లే లే అమ్మమ్మా, బాడీ మాత్రం షోరూమ్ బండి లెక్క ఉంది" అన్నాడు.

సాగర్‌కు కిరాయి కారులో పోయాం. హుజూర్‌నగర్, మిర్యాలగూడ, హాలియా మీదుగా. ఎడమ కాలువ నిండుగా పారుతోంది, పక్కన నారుమళ్లు పచ్చగా ఉన్నాయి. అంతకుముందు ఏడాది ఇదే దారిలో పోతే కళ్లల్లో నీళ్లు తిరిగేవి. 2023-24 యాసంగికి సాగర్‌లో నీళ్లు లేక ఎడమ కాలువ కింద సాగుకు వదలలేదు. నీళ్లు లేకపోతే ఎండేది పొలం ఒక్కటే అనుకుంటాం. ట్రాక్టర్ కూడా ఎండుతుంది.

మా మరిది ఇంట్లో ఆ ఏడు ట్రాక్టర్, దమ్ము చక్రాలు, రోటావేటర్ అన్నీ రేకుల షెడ్డులో పడున్నాయి. కిస్తీలు మాత్రం నిలబడలేదు. మళ్లీ నీళ్లొచ్చాక దమ్ముకు తీద్దామంటే క్లచ్ తొక్కినా గేరు పడదు, కిర్రుమంటుంది. దమ్ములో బురదనీళ్లలో తిరిగిన బండి కదా, క్లచ్ హౌసింగ్‌లోకి చేరిన తడి అలాగే ఉండిపోయి, ప్లేటు వెళ్లి ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుపోయింది. దాన్ని విడదీయడానికి ట్రాక్టర్‌ను నడుము దగ్గర రెండుగా విప్పాల్సి వచ్చింది. మా తోటికోడలు చెవి కమ్మలు అప్పుడే బ్యాంకు లాకర్ చూసొచ్చాయి. చాలా ట్రాక్టర్లకు క్లచ్ పెడల్‌ను తొక్కిపట్టి ఉంచే కొక్కెం కంపెనీ వాళ్లే ఇస్తారు, ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు అది తగిలిస్తే ప్లేటు విడిగా ఉంటుంది, అతుక్కోదు. కొక్కెం లేకపోతే కర్రముక్క అడ్డం పెట్టి తాడు కట్టినా సరే. "ఇన్నేండ్లు ఆ కొక్కెం ఏందో అనుకుంట తువ్వాల తగిలేసిన వదినా" అన్నాడు మరిది!

డీజిల్ బండి ట్యాంకు సగం ఖాళీగా వదలకూడదు, ఇది కూడా మరిది నేర్చుకున్న పాఠమే. ఖాళీ జాగాలో ఉన్న గాలి రాత్రి చల్లబడి ట్యాంకు గోడలకు చెమట పడుతుంది, ఆ నీళ్లు అడుక్కు చేరి తుప్పు, పాచి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం ఇంకో పాపం. మన నల్లగొండ జిల్లా బోరు నీళ్లతో టీ గిన్నెకు ఎంత తెల్లటి పెచ్చు కడుతుందో రోజూ తోముకునే మనకు తెలియదా? రేడియేటర్ సన్నగొట్టాల్లో కూడా అదే కడుతుంది.

సాగర్‌లో లాంచీ స్టేషన్ దగ్గర పిల్లలు ఒకటే గోల. నాకు మాత్రం మనసు ప్రాజెక్టు ఉద్యోగుల హిల్ కాలనీ వైపే లాగింది. మా నాన్న ప్రాజెక్టులో పని చేశాడు. నెహ్రూ 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన చేసిన రోజుకు ఆయన చిన్నపిల్లాడు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలిన రోజు గట్టు మీద జనంలో నిలబడి చూశాడట. ఆ కథ ఎన్నిసార్లు విన్నామో. డ్యాముకున్న 26 గేట్ల గురించి ఒక మాట అనేవాడు: గేటు వరద వచ్చిన రోజు లేవాలంటే వరద లేని రోజుల్లో దానికి గ్రీజు పెట్టాలి. మేం చదువుకోకుండా పరీక్ష ముందురోజు హడావుడి పడినప్పుడు కూడా ఇదే మాట.

నాన్నకు చేతక్ స్కూటర్ ఉండేది. నీలం రంగు. ఆ రోజుల్లో చేతక్ కావాలంటే బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి, పిల్ల పుట్టినప్పుడు బుక్ చేస్తే బడికి పోయేటప్పుడు వచ్చేది అని నవ్వేవాళ్లు. పొద్దున స్టార్ట్ కాకపోతే పక్కకు వంచి, లేపి, కిక్ కొట్టేవాడు. సీటు ముందు నేను నిలబడి, వెనక అమ్మ ఒళ్లో చెల్లి, ఇలా మాచర్ల దాకా పోయేవాళ్లం. నాన్నకు ఇంకో అలవాటు ఉండేది. నాలుగు రోజులు ఊరికి పోతున్నామంటే, స్కూటర్ మీద ఇంటికొచ్చే దారిలో మలుపు దగ్గరే పెట్రోల్ పిడి కట్టేసేవాడు. బండి మిగిలిన పెట్రోల్‌తో గేటు దాకా వచ్చి దానంతటదే ఆగిపోయేది. "అదేం పిసినారితనం" అని అమ్మ వెక్కిరించేది. పిసినారితనం కాదని నాకు కోదాడలో ఆ మెకానిక్ పిలగాడు చెబితే గానీ అర్థం కాలేదు. కార్బొరేటర్‌లో పెట్రోల్ మిగలకుండా ఆరబెట్టేవాడన్నమాట. అందులో నాలుగు చుక్కలు నిలబడి జిగురైతే, వెంట్రుకంత సన్నగా ఉండే జెట్ రంధ్రం మూసుకుపోతుంది. తీగతో పొడిస్తే రంధ్రం పాడవుతుంది, గాలి కొట్టి శుభ్రం చేయాలి.

నాన్న పోయి తొమ్మిదేళ్లు. ఆ చేతక్ మా అమ్మ దగ్గర, మిర్యాలగూడ ఇంటి మెట్ల కింద ఉంది. అమ్మ దాన్ని అమ్మనివ్వదు. పాత సామాన్ల వాడు వీధిలో కేక వేస్తే మెట్ల దగ్గర కుర్చీ వేసుకొని కూర్చుంటుంది. నేను? నెలకోసారి పోయి దుమ్ము దులిపి, హ్యాండిల్ పట్టుకొని కాసేపు నిలబడి వచ్చేదాన్ని. పెద్దమ్మ కారు దగ్గర నాకెక్కడ తగిలిందో ఇప్పుడు తెలిసిందా?

సాగర్ నుంచి వచ్చిన వారానికి ఆ చేతక్‌ను బయటికి తీయించాను. కిక్ కొడితే రాయిలా కదల్లేదు. పిస్టన్ పట్టేసింది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, మా ఆయనా చేయబోయాడు. రెండు కాళ్లతో ఎక్కి తొక్కితే కిక్ రాడ్డు పళ్లు విరుగుతాయి. ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలోంచి కొంచెం ఆయిల్ పోసి, మూసి వదిలేయమన్నాడు మా వీధి చివర ముసలి మెకానిక్. రోజూ సాయంత్రం వెళ్లి బండిని గేరులో పెట్టి చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించి చూడమన్నాడు. కాళ్లనొప్పులకు నూనె మర్దన చేసినట్టే. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు ఏమీ లేదు. నాలుగో రోజు అమ్మే ఆడించిందట. నాకు ఫోన్ చేసి, "కదిలిందే!" అంది. ఆ గొంతు నాన్న ఉన్నప్పటిది.

స్టార్ట్ కావడానికి ఇంకో పదిహేను రోజులు పట్టింది. ట్యాంకు తుప్పు కడిగించాం, గొట్టాలు, కేబుళ్లు, టైర్లు, ప్లగ్గు కొత్తవి. పెట్రోల్‌లో టూ స్ట్రోక్ ఆయిల్ కలిపి పోశాం. మొదటి పొగ వచ్చినప్పుడు అమ్మ దగ్గుతూనే అక్కణ్ణుంచి జరగలేదు. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లే, అది ఎప్పుడో దాటింది. ఫిట్‌నెస్ చూపించి, రెన్యువల్ చేయించి, ఇన్సూరెన్స్ కట్టేదాకా రోడ్డెక్కించే హక్కు లేదు. వాకిట్లో మాత్రం ఆదివారం ఆదివారం దాని గొంతు వింటున్నాం.

నిలబడిన బండ్లంటే, లాక్‌డౌన్ గుర్తుందా? 2020 ఏప్రిల్‌లో సూర్యాపేట కూరగాయల మార్కెట్ చుట్టూ కేసులు పెరిగి, పేట మొత్తం తాళం వేసినట్టయింది. కోదాడ దాటి రామాపురం క్రాస్ రోడ్డు దగ్గర రాష్ట్ర సరిహద్దు మూతపడింది. అప్పుడు మొదటిసారి ఊళ్లో బండ్లన్నీ ఒకేసారి నిలబడ్డాయి. మా చిన్నాన్న కొడుకు ఆర్టీసీ డ్రైవర్. 2019 అక్టోబర్ 5న మొదలైన సమ్మెలో 52 రోజులు ఇంట్లో ఉన్నాడు, ఉద్యోగంలో తిరిగి కాలు పెట్టిన నాలుగు నెలలకు మళ్లీ లాక్‌డౌన్. మే 19న జిల్లాల్లో బస్సులు కదిలినప్పుడు వాడు చెప్పిన మాట ఒకటి నాకు గుర్తుండిపోయింది. బస్సు బ్రేకులు గాలితో పని చేస్తాయి. నిలబడి నిలబడి ట్యాంకుల్లో గాలి దిగిపోతే పార్కింగ్ బ్రేకు పట్టుకొనే ఉంటుంది. ఇంజిన్ నడిచి గాలి నిండేదాకా డ్రైవర్ ఎంత మొత్తుకున్నా బస్సు కదలదు. "మా ఇంట్లో నేను కూడా అంతే అక్కా, చాయ పడేదాంక" అన్నాడు. వాడి పెళ్లాం వాణ్ణి చూసిన చూపు మీరు చూడాల్సింది.

ఇంకొక్కటి చెప్పాలి. 2024 సెప్టెంబర్ 1 వానకు కోదాడలో వీధులు ఏర్లయి పారాయి, కార్లు కొట్టుకుపోయాయి. నీళ్లలో మునిగిన బండిని, ఆరింది కదా అని సెల్ఫ్ కొట్టకండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ దాన్ని నొక్కలేదు, గాలిలా నీళ్లు ఒదగవు, లోపలి రాడ్డు వంగిపోతుంది. అంతవరకూ బాగైపోయే బండి ఆ ఒక్క సెల్ఫ్‌తో పనికి రాకుండా పోతుంది. బ్యాటరీ తీగ విప్పి, బండిని లాగించుకుపోండి. ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే ఫోన్ చేయండి. నడపని బండికి ఇన్సూరెన్స్ ఎందుకు అని కట్టకుండా వదిలేసిన వాళ్లకు ఆ వానలో చెప్పుకునే దిక్కు లేకుండా పోయింది. బండి ఇంట్లో ఉన్నా వాన ఇంట్లోకి వచ్చింది మరి.

ఇక ఎలకల గురించి చాలామంది చెల్లెళ్లు అడుగుతారని నాకు తెలుసు. నాఫ్తలిన్ గోళీలు, పొగాకు కాడలు, మిరప్పొడి, ఎవరి మందు వాళ్లకుంది. కొన్నాళ్లు పని చేస్తాయి, వాసన పోగానే అది మళ్లీ వస్తుంది. నా అనుభవంలో రెండే పని చేశాయి. బియ్యం బస్తాలు, పల్లీ మూటలు, కుక్కకు పెట్టే అన్నం కారు పక్కన ఉంచకపోవడం ఒకటి, బండిని తరచూ కదిలించడం ఇంకోటి. కదిలే ఇంట్లో ఎవరు కాపురం పెడతారు? స్కూటీ అయితే సీటు కింద పాము కూడా చేరుతుంది. చాలారోజుల తర్వాత తీసేటప్పుడు ముందు దూరంగా నిలబడి కర్రతో తట్టండి, తర్వాతే చెయ్యి పెట్టండి.

మీలో చాలామంది బాధ నాకు తెలుసు. ఆయన గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటాడు, బండి ఇక్కడ. "నువ్వు ముట్టుకోకు, పాడు చేస్తవ్" అని చెప్పి పోతాడు. ముట్టుకోకుండా ఉంటే ఎలా పాడవుతుందో ఇంతసేపూ చెప్పాను. నడపడం వస్తే నడపండి, లైసెన్స్ తీసుకోండి. రాకపోతే వచ్చినవాళ్ల చేత నడిపించండి. ఎవరూ నడపరు, ఇంకో రెండేళ్లు కదలదు అని తేలిపోతే అమ్మేయడమే నయం. ఈ మాట అంటే మా పెద్దమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు ఆమే ఫోన్ చేసింది. వాళ్ల పక్కింట్లో బీటెక్ చదివే అమ్మాయి ఉంది, డ్రైవింగ్ నేర్చుకొని లైసెన్స్ తీసుకుంది గానీ ఇంట్లో కారు లేదు, చెయ్యి మరిచిపోతున్నానని దిగులు. పెద్దమ్మ ఆ పిల్లతో ఒప్పందం చేసుకుంది. వారానికోసారి ఆ పిల్ల నడపాలి, పెట్రోల్ పెద్దమ్మది. మొదటి వారం బస్టాండ్ దాకా. రెండో వారం హుజూర్‌నగర్. మూడో వారం మట్టపల్లి నరసింహస్వామి గుడికి పోయి కృష్ణలో కాళ్లు కడుక్కొని వచ్చారు. పెదనాన్న వెనక సీట్లో కూర్చొని దారంతా "బ్రేకు తొక్కు, బ్రేకు తొక్కు" అన్నాడట, ఆ పిల్ల చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుందట.

పోయిన శుక్రవారం నేను పోతే కారు వాకిట్లో లేదు. గేటుకు తాళం. ఫోన్ చేస్తే ఎత్తి, "ఇప్పుడు మాట్లాడలేను, సూర్యాపేట హైవే మీదున్నం, తర్వాత చెయ్" అని పెట్టేసింది. పోర్టికోలో కవరు మడత పెట్టి గోడ పక్కన ఉంది. దాని మీద పసుపు గిన్నె.